లక్సెట్టిపేట నుంచి లండన్‌కు ఒక దరఖాస్తు

1975 డిసెంబర్ 1 తెల్లవారుజామున ముషీరాబాద్ జైల్లో ఇద్దరిని ఉరితీశారు. ఒకరు భూమయ్య, ఇంకొకరు కిష్టాగౌడ్. ఇద్దరూ మా పాత ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటంలో ఉన్నవాళ్ళు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ జాగలో గాంధీ ఆసుపత్రి ఉంది. మా దిక్కు నుంచి రోగుల్ని పట్టుకొని అక్కడికి పోయేవాళ్ళకు ఆ సంగతి చెప్పేవాళ్ళు కూడా తక్కువైపోయారు.

నేను లక్సెట్టిపేట కోర్టు ముందర టైపు మిషన్ పెట్టుకొని బతికినవాణ్ణి. భూమి తగాదాలు, పింఛన్లు, అఫిడవిట్లు, ఈ మధ్య గల్ఫ్‌లో చిక్కుకున్న పిల్లల గురించి రాయబార కార్యాలయాలకు కాగితాలు. దరఖాస్తు ఎవరికి రాయాలన్నదే నా వృత్తిలో మొదటి ప్రశ్న. పట్వారి అన్యాయం చేస్తే తహసీల్దారుకు, తహసీల్దారు చేస్తే కలెక్టరుకు రాసేవాళ్ళం. సర్కారే అన్యాయం చేసి, కోర్టు తలుపు కూడా మూసుకుంటే ఎవరికి రాయాలి? బయటి దేశాల వాళ్ళకు రాయవచ్చా? రాస్తే ఏమవుతుంది? భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసు నాకు ఈ ప్రశ్నను ఎన్నడూ మరువనివ్వలేదు.

వాళ్ళకు శిక్ష పడింది హత్య కేసులో. హత్యను సమర్థించడానికి నేనీ మాట ఎత్తడం లేదు. అది భూమి కోసం జరిగిన రాజకీయ పోరాటంలో భాగమనీ, అలాంటి వాళ్ళను ఉరితీయకూడదనీ న్యాయవాదులూ, రచయితలూ, హక్కుల కార్యకర్తలూ వాదించారు. ఎమర్జెన్సీకి ముందు ఉరి తేదీ ఖరారై వాయిదా పడింది కూడా. అప్పటికి సభలు జరుగుతున్నాయి, పత్రికలు రాస్తున్నాయి, సంతకాలు సేకరిస్తున్నారు. లండన్ నుంచి ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఉరి రద్దు చేయమని విజ్ఞప్తి చేసింది. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. సభ లేదు, పత్రికకు సెన్సారు. నవంబరులో కేసు సుప్రీంకోర్టుకు వెళితే, క్షమాభిక్ష ఇవ్వాలో లేదో తేల్చాల్సింది కోర్టు కాదు, రాష్ట్రపతి అన్నారు జస్టిస్ కృష్ణయ్యర్. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన క్షమాభిక్ష అధికారం అయిపోదని కూడా ఆ తీర్పులోనే రాశారు. అంటే రాష్ట్రపతి భవన్ ఇంకొకసారి ఆలోచించడానికి దారి విడిచిపెట్టారు. ఆ దారిలో ఎవరూ నడవలేదు. డిసెంబర్ ఒకటికి అంతా అయిపోయింది.

అదే కాలంలో అదే సర్కారు చేతిలో పడిన ఇంకొకాయన కథ వేరేగా నడిచింది. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను 1976 జూన్ 10న కలకత్తాలో పట్టుకున్నారు. చంపేస్తారేమోనన్న భయం ఆయన వాళ్ళందరికీ పట్టుకుంది. వెంటనే కబురు ఐరోపాకు పోయింది. జర్మనీ నుంచి విల్లీ బ్రాంట్, ఆస్ట్రియా నుంచి ఛాన్సలర్ బ్రూనో క్రైస్కీ, స్వీడన్ నుంచి ప్రధాని ఓలోఫ్ పాల్మే, ముగ్గురూ ఇందిరాగాంధీకి ఆయన ప్రాణం గురించి చెప్పారు. ఫెర్నాండెజ్ భార్య లైలా అమెరికాలో ఊరూరా తిరిగి మాట్లాడారు. ఆ వేసవిలోనే అమెరికా కాంగ్రెస్‌లో డోనాల్డ్ ఫ్రేజర్ ఉపసంఘం భారత్‌లో మానవహక్కుల మీద విచారణ జరిపింది. ఫెర్నాండెజ్ బతికారు. జైలు నుంచే 1977లో ముజఫర్‌పూర్‌లో గెలిచారు.

ఆయన బతకడం మంచిదే. కానీ ఆయన మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసులోనే పట్టుకొని బెంగుళూరు జైల్లో పెట్టిన స్నేహలతారెడ్డి గురించి ఏ ప్రధానీ అడిగినట్టు నేను చదవలేదు. మన తెలుగు కవి పఠాభి భార్య ఆమె. ఉబ్బసం రోగి. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలితే 20న చనిపోయింది. ఇక మా భూమయ్య, కిష్టాగౌడ్‌లకు బయటి దేశాల్లో దోస్తులు ఎక్కడి నుంచి వస్తారు? ఫెర్నాండెజ్‌కు సోషలిస్టు ఇంటర్నేషనల్‌లో ఏళ్ళ నాటి పరిచయాలున్నాయి. విదేశీ సర్కారుకు పెట్టుకునే విజ్ఞప్తిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పేరున్నవాడికి తెరుచుకునే తలుపు పేదవాడికి తెరుచుకోదు. పేదవాడి పేరును మోసుకుపోయి ఆ తలుపు దగ్గర చెప్పే మనిషి ఒకరు కావాలి.

మన దగ్గర అట్లా మోసినవాళ్ళు లేకపోలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా రైతులు పన్నెండుగురికి 1949 ఆగస్టులో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసింది. డిసెంబరు మధ్యలో హైదరాబాద్ హైకోర్టు అప్పీళ్ళు కొట్టేసింది. జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. ఆ ఆరు వారాల తేడా వల్ల, హైకోర్టు తీర్పు రాజ్యాంగం కంటే ముందటిది కాబట్టి అప్పీలు వినే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పెద్ద బారిస్టరు వచ్చి వాళ్ళ తరఫున నిలబడ్డాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా కోసం వాదించింది కూడా ఆయనే. కోర్టులో గెలవలేదు. 1951 మార్చిలో రిట్ పిటిషన్ కూడా పోయింది. కానీ అప్పటికే 'తెలంగాణ పన్నెండుగురు' అన్న మాట విదేశాల్లో వినబడుతున్నది. చివరికి ఉరి తప్పింది, యావజ్జీవమయ్యింది.

ఈ పన్నెండుగురి కేసులోనూ, భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసులోనూ బయటి నుంచి విజ్ఞప్తులు పోయాయి. ఒకటి ఫలించింది, ఒకటి ఫలించలేదు. 1951లో మొదటి సాధారణ ఎన్నికలు ముందున్నాయి, పత్రికలు రాయగలవు, లాయరు విమానం దిగి కోర్టులో నిలబడగలడు. 1975లో అవేవీ లేవు. దేశంలో మాట్లాడేవాడి నోరు నొక్కాక విదేశం నుంచి వచ్చిన కాగితం ఏ ఫైల్లో పడుతుందో ఎవరూ అడగలేరు. పైగా విదేశాలకు వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. సోవియట్ యూనియన్ ఎమర్జెన్సీని సమర్థించింది. అమెరికా సర్కారుకు భారత్ మీద కోపం వేరే కారణాలకు. మన మీద ప్రేమతో ఏ రాజ్యమూ కదలదు. మన దరఖాస్తు వాళ్ళ లెక్కలో ఎక్కడో ఒకచోట సరిపడితేనే కదులుతుంది.

నా చేతుల మీదుగా పోయిన కాగితం గురించి ఇప్పుడు చెప్పాలి. 1980ల చివర్లో హక్కుల సంఘంలో తిరిగే ఒక లెక్చరరు ఒక తల్లిని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ఆమె కొడుకును పోలీసులు తీసుకుపోయారు. ఏ ఠాణాలో అడిగినా లేడంటున్నారు. అప్పటికి ఆ సంఘంలో పనిచేయడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడం. గోదావరి దాటితే జగిత్యాల. అక్కడ న్యాయవాది గోపి రాజన్న, వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం 1985లోనే హత్యకు గురయ్యారు. అయినా ఆ సారు వచ్చాడు. లండన్‌లో ఆమ్నెస్టీకి ఇంగ్లిషులో ఉత్తరం టైపు చేయమన్నాడు.

"సారూ, లండన్‌ల ఉన్నోళ్ళు మా పోరన్ని ఎట్ల గుర్తువడ్తరు?" అని అడిగింది ఆమె.

"గుర్తుపట్టేటట్టు మనం రాయాలె అవ్వా" అన్నాడాయన.

నేను అలవాటు కొద్దీ మొదటి వాక్యంలోనే 'దారుణం', 'అమానుషం' అని కొట్టబోయాను. సారు ఆపాడు. ఏ రోజు తీసుకుపోయారు అని అడిగాడు. ఆమె "అమాస తెల్లారి" అంది. గోడకున్న క్యాలెండర్‌లో అమావాస్య చూసి, మరునాటి తేదీ వేశాం. ఎన్నింటికి? "బర్రెలు పిండే యాళ్ళకు." ఎవరు చూశారు? పక్కింటాయన, ఆయన బిడ్డ. వాళ్ళ పేర్లు రాయాలా అంటే, ముందు వాళ్ళను అడిగి రావాలన్నాడు సారు. ఆమె తిరిగి ఊరికి పోయి అడిగి వచ్చింది. పక్కింటాయన సరే అన్నాడు, బిడ్డ పేరు వద్దన్నాడు. వద్దంటే వద్దు. పిల్లవాడి తండ్రి పేరు, వయసు, ఊరు, ఠాణా, జిల్లా, ఏ బట్టలతో ఉన్నాడు, జీపులో ఎంతమంది వచ్చారు. ఒక్క విశేషణం లేకుండా ఒకటిన్నర పేజీ వచ్చింది. కార్బన్లు పెట్టి కొట్టాం. ఒకటి ఎస్పీకి, ఒకటి కలెక్టరుకు, ఒకటి హైకోర్టుకు, మొదటి కాపీ లండన్‌కు.

కొన్నాళ్ళకు ఎస్పీ ఆఫీసుకు జర్మనీ, హాలండ్ స్టాంపులతో కవర్లు వస్తున్నాయని తెలిసింది. ఆమ్నెస్టీ పద్ధతే అది. ఎక్కడో ఒక టీచరమ్మ, ఒక నర్సు, ఒక పింఛనుదారు తమ ఇంట్లో కూర్చొని మన అధికారికి మర్యాదగా ఉత్తరం రాస్తారు: ఫలానా తేదీన తీసుకుపోయిన ఫలానా వ్యక్తి ఎక్కడున్నాడు? ఈ 'అర్జెంట్ యాక్షన్' పద్ధతి 1973లో బ్రెజిల్‌లో ఒక ప్రొఫెసరు అరెస్టుతో మొదలయింది. మా పిల్లవాణ్ణి తర్వాత ఏదో కేసు పెట్టి కోర్టులో హాజరు పరిచారు. హైకోర్టులో హెబియస్ కార్పస్ కూడా వేశారు కాబట్టి కేవలం లండన్ ఉత్తరమే పనిచేసిందని నేను అనను. బతికి కోర్టు మెట్లెక్కాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇట్లాంటి పని చేసినవాళ్ళను చూసి ఇంటి గుట్టు లంకకు చేటు అన్నవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. దేశం పరువు తీస్తున్నారనేవాళ్ళు ఢిల్లీలోనూ ఉన్నారు. ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీ ప్రతిదానికీ విదేశీ హస్తం అనేవారు. బయటి డబ్బు మీద ఆంక్షలు పెట్టే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మొదట వచ్చింది 1976లోనే. అమెరికాలో ఉంటూ ఎమర్జెన్సీని ఎదిరించిన మనవాళ్ళు కొందరి పాస్‌పోర్టులు రద్దు చేశారు. ఈ ఆరోపణకు నేను తలవంచను. దాదాభాయి నౌరోజీ 1892లో లండన్ పార్లమెంటులోకి పోయి మన గోడు చెప్పాడు. లాలా లజపతిరాయ్ అమెరికాలో ఏళ్ళ తరబడి అదే పని చేశాడు. కనిగిరి నుంచి చదువుకోను అమెరికా పోయిన దరిశి చెంచయ్య గదర్ పార్టీలో చేరి జైలుకు పోయాడు. వాళ్ళను దేశభక్తులంటున్నాం.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. బయటికి ఫిర్యాదు చేసిన ప్రతివాడూ పీడితుడు కాడు. 1948 ఆగస్టు 21న భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది నిజాం సర్కారు. అప్పుడు ఊళ్ళల్లో జనం మీద పడుతున్నది ఆ సర్కారు నీడలో ఉన్న రజాకార్లు. సెప్టెంబర్ 16న పారిస్‌లో ఆ ఫిర్యాదు చర్చకు వచ్చింది. మరునాడే నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు తంతి పంపాడు. అదే కాలంలో, భారత సైన్యం చేసిన పోలీసు యాక్షన్ తర్వాత చనిపోయిన ముస్లింల గురించి నెహ్రూ వేయించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను మాత్రం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఫిర్యాదు ఎవరిది అన్నదాని కంటే దెబ్బ ఎవరి వీపు మీద పడింది అని చూడాలి.

ఇప్పటి సంగతి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. కానీ వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందంలో చేరలేదు. కాబట్టి ఆ ఒడంబడిక అమలును చూసే జెనీవాలోని కమిటీ మన దరఖాస్తు తీసుకోదు. చిత్రహింసకు వ్యతిరేకమైన ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టాం, ఆమోదించలేదు. మిగిలిన దారి ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నిపుణులది. అక్రమ నిర్బంధాల మీద 1991 నుంచి ఒక వర్కింగ్ గ్రూపు ఉంది. దానికి ఎవరైనా రాయవచ్చు, లాయరు అక్కరలేదు. వాళ్ళు సర్కారును అడిగి, సాధారణంగా 60 రోజుల్లో జవాబు ఇవ్వమంటారు. జవాబు రాకున్నా తమ అభిప్రాయం చెప్తారు. అది కోర్టు డిక్రీ కాదు, అమలు చేయించే పోలీసు లేడు.

అమలాపురం బిడ్డ ప్రొఫెసర్ సాయిబాబా విషయంలో ఈ పరిమితి స్పష్టంగా కనిపించింది. తొంభై శాతం వైకల్యం. మావోయిస్టులతో సంబంధాల కేసులో 2014లో అరెస్టు, 2017లో యావజ్జీవం. ఆరోగ్యం దిగజారుతున్నది, వదలమని ఐరాస నిపుణులు 2018లో కోరారు. సర్కారు వినలేదు. బొంబాయి హైకోర్టు 2024 మార్చి 5న ఆయన నిర్దోషి అని చెప్పాక బయటికి వచ్చారు. అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. ఆ నిపుణుల మాట 2018లోనే విని ఉంటే మందులకూ, చికిత్సకూ ఆరేళ్ళు దొరికేవి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే గల్ఫ్ కుటుంబాల వాళ్ళకు ఎంబసీకి రాయడం, పాస్‌పోర్టు నంబరు పెట్టడం, కంపెనీ పేరు సరిగ్గా రాయడం వచ్చేసింది. మస్కట్‌లో చిక్కుకున్న కొడుకు కోసం రాయగలిగినవాళ్ళు, సొంత ఠాణాలో మాయమైన కొడుకు కోసం కూడా రాయగలరు. కాగితంలో ఉండవలసినవి అవే: మనిషి పూర్తి పేరు, తండ్రి పేరు, తేదీ, వేళ, చోటు, తీసుకుపోయిన వాళ్ళ హోదా, చూసినవాళ్ళు, వాళ్ళ ఒప్పుదల, ఇక్కడ ఎవరెవరికి ముందే దరఖాస్తు ఇచ్చామో ఆ రసీదులు. లోపలున్న మనిషి, అతణ్ణి అడగడం కుదరకపోతే ఇంటివాళ్ళు, ఒప్పుకుంటేనే పేరు బయటికి పంపాలి. లోపల దెబ్బలు తినేది రాసేవాడు కాదు, ఆ మనిషే. కాపీలు ఎక్కువ తీసి పెట్టుకోవాలి. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో నమ్మకమైన చుట్టాల దగ్గర.