పెళ్లి సంబంధం.. డాక్టర్ని అడగొచ్చా?

పాల్వంచ లాంటి ఊళ్లో డాక్టరూ పేషెంటూ ఆస్పత్రిలోనే కాదు.. కూరగాయల మార్కెట్లో, పెద్దమ్మ గుడి దగ్గర, పెళ్లి భోజనాల్లోనూ ఎదురవుతుంటారు. ఆ చనువుతోనే కొందరు పక్కకు పిలిచి అడుగుతారు. ‘‘సార్, మా అమ్మాయికి ఫలానా వాళ్ల సంబంధం వచ్చింది. అబ్బాయి మీ దగ్గరకే వస్తాడట. జబ్బులేమీ లేవు కదా?’’

కన్నవాళ్లకు ఆ ఆందోళన సహజమే. కానీ డాక్టరు జవాబు చెప్పకూడదు. ‘ఏమీ లేవు’ అని కూడా అనకూడదు. ఒకరి గురించి అలా చెప్పి, మరొకరి గురించి అడిగినప్పుడు నోరు మెదపకపోతే జబ్బుందని చెప్పినట్టే. అందుకే ఎవరి గురించి అడిగినా ఒకటే జవాబు: ‘చెప్పలేను.’ అది గర్వం కాదు, బాధ్యత.

నియమాలు ఏమంటున్నాయి?

పేషెంటు రహస్యాలు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. కోర్టు ఆదేశం, ఫలానా వ్యక్తికి లేదా సమాజానికి తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బులు.. వీటికే మినహాయింపు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతకు రక్షణ కల్పించాయి.

మాట బయటికి పోతే..

‘పెళ్లి కావాల్సిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా?’ అన్న భయంతో మూర్ఛ, టీబీ, డిప్రెషన్‌ మందులు మధ్యలో ఆపేసేవాళ్లుంటారు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్‌ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. టీబీ మందులు సగంలో వదిలేస్తే జబ్బు మొండికేస్తుంది. డాక్టరు ఎవరికీ చెప్పడన్న నమ్మకం ఉంటేనే వీళ్లు మళ్లీ ఆస్పత్రి గడప తొక్కుతారు.

మరేం చేయాలి?

డాక్టర్ని కాదు, అవతలివాళ్లనే నేరుగా అడగండి. మీ పిల్ల ఆరోగ్యం గురించీ దాచకుండా చెప్పండి. ఇద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్షలు చేయించుకుని, రిపోర్టులు ఒకరికొకరు చూపించుకోవడం మంచిది.

ముఖ్యంగా తలసేమియా, సికిల్‌ సెల్‌ పరీక్షలు మరవొద్దు. క్యారియర్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఇద్దరూ ఒకే జబ్బుకు క్యారియర్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షతో ఇది చాలావరకు తెలిసిపోతుంది.

రిపోర్టులు అర్థం కాకపోతే అబ్బాయి, అమ్మాయి కలిసి ఓపీకి రండి. వాళ్లిద్దరూ సరేనంటే, ఇద్దరి ఎదుటే డాక్టరు అన్నీ వివరంగా చెబుతారు.