నీటిలో అయాన్ల గుర్తింపు

నీటిలో కరిగిన లవణాలు అయాన్లుగా విడిపోయి ఉంటాయి. ధనావేశం గలవాటిని కాటయాన్లు అనీ, ఋణావేశం గలవాటిని ఆనయాన్లు అనీ అంటారు. ద్రావణంలో ఏ అయాన్లు ఉన్నాయో రసాయన పరీక్షల ద్వారా తెలుసుకొనే విధానం గుణాత్మక విశ్లేషణ. అవి ఎంత ఉన్నాయో కొలిచే విధానం పరిమాణాత్మక విశ్లేషణ. ఆంధ్ర ప్రదేశ్‌లోని అనంతపురం ప్రాంతంలో తాగునీటికి ఈ రెండూ అవసరం. ఇక్కడి భూగర్భజలంలో హాని చేసే ఫ్లోరైడు అయానుకు రంగు, వాసన లేవు, నాలుకకు రుచి తెలియదు. సాధారణ పరీక్షలకు కూడా అది చిక్కదు.

అనంతపురం నేల, నీరు

రాయలసీమ పీఠభూమిలోని ఈ ప్రాంతం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. పూర్వపు అనంతపురం జిల్లా నుండి 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నేల అడుగున అధికభాగం గ్రానైటు, నైస్ శిలలు. వీటిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువ కావడం వలన నీరు రాళ్ళ పగుళ్ళలో చాలాకాలం నిలిచి ఈ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. సోడియం బైకార్బొనేటు ఎక్కువగాను, కాల్షియం తక్కువగాను ఉన్న నీటిలో ఫ్లోరైడు మరింతగా చేరుతుంది.

పరీక్షల సూత్రం

ఒక అయానుతో కలిసినప్పుడు కరగని పదార్థాన్నో, ప్రత్యేకమైన రంగునో, వాయువునో ఇచ్చే రసాయనాన్ని కారకం అంటారు. అడుగుకు చేరే కరగని పదార్థం అవక్షేపం. జర్మనీ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రెమిగియస్ ఫ్రెజీనియస్ 1841లో ప్రచురించిన గ్రంథం ఈ పరీక్షలను క్రమపద్ధతిలో బోధించింది.

బావి నీటికి చేసే ముఖ్యమైన పరీక్షలు:

* క్లోరైడు: నీటికి కొద్దిగా విలీన నత్రికామ్లం, తరువాత సిల్వర్ నైట్రేట్ కలపాలి. పెరుగు తునకల వంటి తెల్లని అవక్షేపం వస్తుంది. అది అమోనియా ద్రావణంలో కరుగుతుంది. ముందుగా ఆమ్లం కలపకపోతే కార్బొనేటు కూడా అవక్షేపాన్నిచ్చి పొరపాటుకు దారితీస్తుంది.
* సల్ఫేటు: విలీన హైడ్రోక్లోరికామ్లం, బేరియం క్లోరైడు కలిపితే ఆమ్లంలో కరగని తెల్లని అవక్షేపం వస్తుంది.
* బైకార్బొనేటు: ఆమ్లం కలిపితే కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఆ వాయువు సున్నపుతేటను పాలవలె మారుస్తుంది.
* నైట్రేటు: తాజాగా చేసిన ఫెర్రస్ సల్ఫేటు ద్రావణాన్ని కలిపి, పరీక్షనాళిక గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని మెల్లగా పోస్తే రెండు పొరలు కలిసే చోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది.
* కాల్షియం: అమోనియా, అమ్మోనియం ఆక్సలేటు కలిపితే తెల్లని అవక్షేపం వస్తుంది. జ్వాలా పరీక్షలో ఇటుక ఎరుపు రంగు కనిపిస్తుంది.
* సోడియం: జ్వాలకు బంగారు పసుపు రంగునిస్తుంది.

బేరియం లవణాలు విషపూరితాలు. గాఢ ఆమ్లాలను ఉపాధ్యాయుల పర్యవేక్షణలోనే వాడాలి.

ఫ్లోరైడు ఎందుకు చిక్కదు?

క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్, ఫ్లోరిన్ ఒకే కుటుంబానికి చెందినవి. అందువలన సిల్వర్ నైట్రేట్ పరీక్ష ఫ్లోరైడుకు కూడా పనిచేస్తుందని అనుకోవడం సహజం. కాని సిల్వర్ ఫ్లోరైడు నీటిలో బాగా కరుగుతుంది, కాబట్టి అవక్షేపం రాదు. ఆ పరీక్షలో ఏమీ కనిపించనంత మాత్రాన నీరు మంచిదని చెప్పరాదు.

కాల్షియం క్లోరైడు కలిపితే కాల్షియం ఫ్లోరైడు అవక్షేపంగా వస్తుంది. అయితే ఒక లీటరు స్వచ్ఛమైన నీటిలో సుమారు 16 మిల్లీగ్రాముల కాల్షియం ఫ్లోరైడు కరిగి ఉండగలదు. అందులో దాదాపు 8 మిల్లీగ్రాములు ఫ్లోరైడే. బావి నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములున్నా హాని కలుగుతుంది, కాని ఆ మోతాదులో ఈ పరీక్ష అవక్షేపాన్ని చూపదు.

జిర్కోనియం-అలిజరిన్ పరీక్ష

ఆమ్ల ద్రావణంలో జిర్కోనియం లవణం, అలిజరిన్ రెడ్ ఎస్ అనే అద్దకపు రంగుతో కలిసి ఎర్రని సంక్లిష్ట పదార్థాన్ని ఇస్తుంది. దానికి ఫ్లోరైడు ఉన్న నీటిని కలిపితే, ఫ్లోరైడు జిర్కోనియాన్ని తనవైపు లాక్కొని రంగులేని సంక్లిష్ట అయానుగా మారుతుంది. విడిపడిన అలిజరిన్ వలన ద్రావణం ఎరుపు నుండి పసుపుకు మారుతుంది. ఫ్లోరైడు ఎంత ఎక్కువ ఉంటే ఎరుపు అంత తగ్గుతుంది. స్వేదన జలంతోను, తెలిసిన మోతాదు గల ద్రావణాలతోను పక్కపక్కన పెట్టి పోల్చితే ఉజ్జాయింపుగా మోతాదు తెలుస్తుంది.

ఫాస్ఫేటు, అధిక సల్ఫేటు కూడా జిర్కోనియంతో కలిసి లేని ఫ్లోరైడును ఉన్నట్లు చూపవచ్చు. అల్యూమినియం ఫ్లోరైడును పట్టి ఉంచి, ఉన్నదానిని దాచవచ్చు. కనుక తుది నిర్ణయానికి ప్రయోగశాలలో ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో కొలవాలి.

ఫలితం, నివారణ

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరోసిస్ వస్తుంది. దంతాలు ఏర్పడే వయసులో ఉన్న పిల్లలకు పళ్ళపై మచ్చలు పడతాయి. మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు బిగుసుకొంటాయి. ఎముకలకు వచ్చిన వైకల్యం తిరిగి నయం కాదు. ఈ వ్యాధిని నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించినట్లు హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు.

నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. అనంతపురం జిల్లాలో 1990లలో చేపట్టిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీటిని అందించింది. పథకపు నీరు చాలనిచోట బోరుబావులే ఆధారం. పక్కపక్కనున్న రెండు బోర్లలో కూడా ఫ్లోరైడు ఒకేలా ఉండకపోవచ్చు. కాబట్టి ప్రతి బోరు నీటిని విడిగా, వానల తరువాత ఒకసారి, వేసవిలో ఒకసారి పరీక్షించాలి.