నల్లని నుదుట ఎర్రని బొట్టు

"పిల్ల కాస్త చామనఛాయేనండీ" అని పెళ్లిచూపులప్పుడు గొంతు తగ్గించి చెప్పడం మన ఇళ్లల్లో ఇంకా పోలేదు. అలా గొంతు తగ్గించే వాళ్లందరికీ ఒక్కసారి తోట వైకుంఠం గారి బొమ్మలు చూపించాలనిపిస్తుంది నాకు.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన ఈ చిత్రకారుడు హైదరాబాదులో చదువుకుని, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నారు. అంత చదువూ చదివి ఆయన బొమ్మల్లోకి తెచ్చుకున్నది ఎవరిననుకున్నారు? తెలంగాణ పల్లెల్లోని ఆడవాళ్లని! నిండైన విగ్రహం, నల్లని మేను, రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, కొప్పులో పూలు, పక్కనే ఓ చిలక. ఆ చూపుల్లో బెదురు మచ్చుకైనా కనిపించదు. ఈ స్త్రీలకి మూలం తన తల్లేనని ఆయన చెప్పారు. చిన్నప్పుడు ఊళ్లోకొచ్చిన నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్ల అలంకరణ కూడా ఆయన మనసులో నిలిచిపోయిందట. బి. నర్సింగరావు గారి 'దాసి' సినిమాకి కళాదర్శకుడిగా 1988 సంవత్సరానికి జాతీయ అవార్డు అందుకున్నదీ ఆయనే.

ఇక రంగుల సంగతి. ఈ స్త్రీల బొమ్మలకి ఆయన ఎక్కువగా వాడింది ఆక్రిలిక్. ఆయిల్ పెయింట్ ఆరడానికి రోజులు పడుతుంది, టర్పెంటైన్ వాసన సరేసరి. ఆక్రిలిక్‌ని నీళ్లతో పలచన చేసుకుంటే చాలు. నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరాక తడి తగిలినా కరగదు. పక్కన ఇంకో రంగు వేసినా ఒకదాన్లో ఒకటి కలిసిపోదు. ఎర్రచీరా, పచ్చరవికా దేనికది కొట్టొచ్చినట్టు కనిపించడానికి ఇలాంటి రంగు బాగా ఒదుగుతుంది. మనం చీరల మీద వేసుకునే ఫాబ్రిక్ పెయింట్లూ చాలావరకు ఈ జాతివే. (కుంచె మాత్రం వెంటనే కడిగెయ్యండి. ఆరిందంటే ఇక పనికిరాదు!)

ఎరుపు, పసుపు, కాషాయం - ఇలాంటి ముదురు రంగులంటేనే ఆయనకి ఇష్టం. మన పసుపు కుంకుమల రంగులే కదా! ఆ నల్లని ఒంటి మీద అవి ఎంత వెలుగుతాయో చూడండి. తెల్లని మేనికి ఆ నిండుదనం ఎక్కడిది?

మన పిల్లలు రంగుల పెట్టె తీసి "స్కిన్ కలరేదమ్మా?" అని అడిగితే, వాళ్లకి కావలసింది లేత గులాబీ రంగు. ఈసారి అడిగినప్పుడు గోధుమరంగు తీసి చేతికివ్వండి. "అమ్మ బొమ్మ దీంతో వెయ్యి" అనండి. గొంతు తగ్గించకుండా అనండి.