కాల్చిన వంకాయ పచ్చడి

వసంతాగమనముతో విశాఖపట్టణపు బజారులలో లేత మామిడికాయలును, నిగనిగలాడు పెద్ద వంకాయలును పక్కపక్కనే కుప్పలుపడును. ఈ రెంటిని నిప్పులపై గాల్చి చేసిన పచ్చడి యీ ఋతువునకు మిక్కిలి తగినది. 1999వ సంవత్సరమున రాష్ట్రమునందు రైతుబజారులు ప్రారంభమైన పిదప ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము ప్రాంతముల కూరగాయలు దళారి లేకయే పట్టణపు గృహిణి చేతికి వచ్చుచున్నవి. కావున పచ్చడి చేయు విధమును, అందు రైతునకు గల పూచీని ఇచ్చట వివరించుచున్నాము.

పెద్ద వంకాయలు రెండు, పుల్లని మామిడికాయ ఒకటి, పచ్చిమిరపకాయలు నాలుగు, ఉల్లిపాయ ఒకటి తీసికొనవలెను. వంకాయను తొడిమ యూడనీయక నిలువున గాటుపెట్టి పురుగు లేదని చూచుకొనవలెను. ఆ గాటునుండి ఆవిరి వెలువడుటచే కాయ పగులదు. పైన నూనె రాచి, సన్నని నిప్పులపై అన్నివైపులకును త్రిప్పుచు తోలు నల్లబడువరకు కాల్చవలెను. తొడిమవద్ద కండ మెత్తబడినచో కాయ కాలినట్లే. మామిడికాయను, మిరపకాయలను గూడ గాటుపెట్టి యట్లే కాల్చవలెను. నిప్పులు లేనివారు గ్యాసుపొయ్యి సన్నమంటపై కాల్చుకొనవచ్చును.

కాలినవానిపై కొంతసేపు పళ్లెము మూసియుంచి, చేయి తడిచేసికొని తోలు తీయవలెను. నీళ్లలో కడిగినచో పొగవాసనయు రుచియు పోవును. మామిడి గుజ్జును, ఉప్పును, మిరపకాయలను చేర్చి చేతితో మెదిపి, పచ్చి ఉల్లిముక్కలు కలిపి, ఆవాలు, మినపపప్పు, ఇంగువలతో పోపు పెట్టవలెను. పులుపు హెచ్చినచో అనకాపల్లి బెల్లము కొంచెము చాలును. ముద్దపప్పుతో ఈ పచ్చడి మిక్కిలి యింపుగ నుండును.

మసాలాకూరలో మరుగుపడు దోషము ఈ పచ్చడిలో మరుగుపడదు. కాయతొలుచు పురుగు లోపల జొచ్చిన పిదప పైన జల్లిన మందు దానికి తగులదు. తినువారికి మాత్రము తగులును. కాల్చినంతమాత్రమున మందు పోవునని నమ్మరాదు. కావున వాడిన కొమ్మచివళ్లను వారము వారము త్రుంచి నాశనము చేయుటయు, పుచ్చుకాయలను తోటలో నుంచక ఏరివేయుటయు, లింగాకర్షక బుట్టలు కట్టుటయు మేలు. మందు జల్లక తప్పనిచో, డబ్బాపై సూచించిన గడువు దాటినగాని కాయ కోయరాదు.

రైతు సోదరులారా! మన యింటి పిల్లలకు నిర్భయముగ పెట్టగల కాయనే బజారునకు పంపుదము. కొనువారి నమ్మకమే మనకు నిలుకడైన ధర.