పనిముట్లతో పరదేశ ప్రయాణము

రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు వడ్రంగి, తండ్రియు వడ్రంగియే. ఒమాను దేశమున మస్కటు నగరమందొక కొయ్యపని కార్ఖానాలో అతనికి ఉద్యోగము కుదిరినది. ప్రయాణమునకు ఇరువది దినములు మాత్రమే గడువుండెను. "మాస్టరుగారూ, నాన్నగారి పెట్టె నాతో తీసికొనిపోవలెనని యున్నది. ఎట్లు పంపవలెనో తెలియకున్నది. మీరు చూచి చెప్పండి" అని యడిగెను. ఆ పెట్టెను నేనెరుగుదును. మందపు మామిడి పలకలతో చేసినది. అందులో బాడిస, రెండు చిత్రికలు, ఆరు ఉలులు, మూడు రంపములు, బరమా, మూలమట్టము, కొన్ని ఆకురాళ్లు గలవు. ఉలుల పిడులు తండ్రి చేతి చెమటకు నల్లబడి అద్దమువలె నున్ననై యుండెను. ఆ తండ్రి గతించి అప్పటికి ఏడాది నిండలేదు.

ఆనాడు నేను చెప్పిన జవాబు సగమే సరియైనది. తక్కిన సగము అతడు నష్టపడి నేర్చుకొనెను. అతని నష్టమును చూచి నేను నేర్చుకొంటిని. మన విద్యార్థులు ఏటేట గల్ఫు దేశములకును, అమెరికా, ఆస్ట్రేలియాలకును పోవుచుండుటచే ఆ సంగతులను ఈ పత్రిక చదువు తలిదండ్రుల కొరకును, పిల్లల కొరకును వ్రాయుచున్నాను.

సామాను కట్టుకొని సముద్రము దాటుట మన తీరమువారికి క్రొత్త గాదు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిటనే మారిషసు ద్వీపమందును, బర్మాయందును తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి స్టీమర్లెక్కి వేలకొలది కూలీలు రంగూను పోయి, ఓడరేవులో బరువులు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. ఆ కాలమున మన బెజవాడనుండి ఏలూరు కాలువమీదుగా గోదావరి కాలువలలో ప్రవేశించి పడవలో కాకినాడ వరకు పోవుటకు నీటిదారి యుండెను. కాకినాడలో ఓడ తీరమునకు రాలేదు. మైళ్ల దూరమున లోతునీటిలో లంగరు వేసికొనెడిది. పడవనుండి ఓడలోనికి సామాను ఎక్కించుట ఒక గండము. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. 1942 మార్చిలో నగరము జపానువారి వశమైనది. లక్షలాది భారతీయులు బర్మాను విడిచి పరుగెత్తిరి. అడవిదారిని కాలినడకను వచ్చినవారు తాము మోయగలిగినది మాత్రమే తెచ్చుకొనిరి. మోయలేని పెట్టెలన్నియు అక్కడనే మిగిలిపోయినవి.

ఇప్పటి సంగతికి వత్తము. పెట్టె పంపుటకు మూడు దారులు గలవు: మనతోపాటు విమానములో వచ్చు లగేజి, విడిగా పోవు విమానసరకు, ఓడసరకు. లగేజి బరువు టికెట్టుమీద వ్రాసియుండును. దానిని మీరినచో అదనపు రుసుము చాల హెచ్చు. ఉలి, రంపము, సుత్తి వంటివి చేతిసంచిలో పెట్టుకొని విమానమెక్కనీయరు; వానిని అప్పగింత లగేజిలోనే పెట్టవలెను.

విమానసరకునకు రుసుము కట్టువిధము మన ఎనిమిదవ తరగతి పిల్లలును లెక్కింపదగినది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చిన ఘనపరిమాణమును 6000 చేత భాగింతురు. అది కిలోలలో "ఘనపు బరువు." తూకపు బరువు, ఘనపు బరువు అను రెంటిలో ఏది ఎక్కువయో దానికే రుసుము. మా విద్యార్థి పెట్టె 90, 50, 45 సెంటీమీటర్లు. గుణింపగా 2,02,500, భాగింపగా 34 కిలోలకు కొంచెము తక్కువ. తూకమున 48 కిలోలు వచ్చినది గనుక 48కే కట్టవలెను. ఇక 100, 60, 50 సెంటీమీటర్ల పరుపుచుట్ట తూకమునకు 12 కిలోలే యైనను 50 కిలోలకు కట్టవలెను. ఇనుమునకు బరువు శత్రువు, దూదికి చోటు శత్రువు. కొన్ని కొరియరు కంపెనీలు 6000కు మారుగా 5000తో భాగించును. అప్పుడు లెక్క మరింత పెరుగును.

ఓడసరకు చౌక. 1956 ఏప్రిలు 26న అమెరికాలో మాల్కం మెక్‌లీను అను లారీల వ్యాపారి 58 ఇనుపపెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడమీద న్యూఆర్కునుండి హ్యూస్టనునకు పంపెను. ఆ కంటైనరు పద్ధతి ప్రపంచమంతట వ్యాపించుటచే ఓడరవాణా ఖర్చు మిక్కిలి తగ్గినది. ఇరువదడుగుల కంటైనరులో సుమారు 33 ఘనమీటర్ల చోటుండును. ఒక్క కుటుంబమునకు అంత అవసరముండదు గనుక, పలువురి పెట్టెలు ఒకే కంటైనరులో సర్దెదరు. రుసుము ఘనమీటరు లెక్కన. కాని చాలమంది ఏజంట్లు కనీసమొక ఘనమీటరునకు కట్టుమందురు. మా విద్యార్థి పెట్టె ఘనమీటరులో అయిదవ వంతు మాత్రమే. అనగా ఒకే ఊరికి పోవు నలుగురైదుగురు కలిసికొన్నచో ఒక్కరి ఖర్చుతో అందరి పెట్టెలును పోవును. ఈ సంగతి ఏజంటు తనంతట చెప్పడు, అడిగినవారికే తెలియును.

ఇక నా పొరపాటు వినుడు. పాతపెట్టె దెబ్బతినునేమో యని, దాని చుట్టు గట్టి కొయ్యచట్రము కొట్టింపుమని నేనే సలహా యిచ్చితిని. నగరములోని ఏజంటొకడు "అన్నియు మేమే చూచుకొందుము" అని బయానా పుచ్చుకొని, అడితిలోని పచ్చిపలకలతో చట్రము బిగించి మద్రాసు రేవునకు పంపెను. పదునాలుగు దినముల తరువాత, చట్రముమీద ముద్ర లేదని రేవుయార్డువారు పెట్టెను త్రిప్పివేసిరి. అప్పటికి మా వాడు వట్టిచేతులతో విమానమెక్కి మస్కటు చేరియుండెను. యార్డు అద్దె పేరిట బయానాలో సగము పోయినది.

ఆ ముద్ర యేమి? కొయ్యలో తొలుచుపురుగులు, వాని గ్రుడ్లు దాగియుండును. పరదేశమున వానిని తిను పక్షులు, కీటకములు లేకపోవుటచే అవి అడవులను నాశనము చేయును. ఆసియా ఖండపు పొడవుమీసాల పురుగొకటి సరకుల కొయ్యపెట్టెలలో ప్రయాణించి న్యూయార్కు నగరపు బ్రూక్లినులో 1996లో కనబడగా, అక్కడ వేలకొలది చెట్లను కొట్టివేయవలసి వచ్చెను. అందుచే అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక క్రింద 2002లో ఒక నియమము చేసిరి. ప్యాకింగు కొయ్యను నడిమి భాగమువరకు 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగులునట్లు 30 నిమిషములు కాచవలెను, లేదా మందుపొగ పట్టింపవలెను. అట్లు చేసినట్లు గోధుమకంకి బొమ్మతో ఐ.పి.పి.సి. అను ముద్ర వేయవలెను. ప్లైవుడ్డునకు ఈ నియమము లేదు, ఏలయనగా అది తయారగునప్పుడే జిగురు, వేడి, ఒత్తిడి తగిలి పురుగు చచ్చును. ప్లైవుడ్డుపెట్టె చేయింపుమని నేను చెప్పియున్నచో కథ వేరుగా నుండెడిది. సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడనై యుండియు నాకీ సంగతి తెలియదు.

పెట్టె తిరిగి విజయవాడ వచ్చినప్పుడు అతని తమ్ముడును నేనును పోయి విప్పితిమి. వానకాలము. రెండు నెలలలోనే ఉలుల అంచులమీద ఎఱ్ఱని త్రుప్పు పట్టియుండెను. ఓడలో నిది మరింత హెచ్చు. పగటియెండకు కంటైనరు రేకు వేడెక్కి, అట్టపెట్టెలలోను కొయ్యలోను ఉన్న తడి ఆవిరియగును. రాత్రి రేకు చల్లబడగానే ఆ యావిరి పైకప్పున నీరై, చినుకులుగా సామానుపై పడును. దీనినే ఓడసరకువారు కంటైనరు వాన యందురు. ఉప్పుగాలి తోడైనచో త్రుప్పు త్వరపడును. కాబట్టి పనిముట్లను తుడిచి, ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనెగాని వ్యాసిలీనుగాని పలుచగా పూసి, మైనపు కాగితములో చుట్టవలెను. వార్తాపత్రికలో చుట్టకుడు, అది తేమను పీల్చి ఇనుమునకు అంటించును. తడియారక ప్లాస్టికులో మూటగట్టుట అంతకంటె చెడుగు. మందులసీసాలలో వచ్చు సిలికా జెల్ పొట్లములు వేసినచో మంచిది. ఆవకాయ జాడీని పనిముట్ల పెట్టెలో పెట్టవద్దని తల్లులకు నా మనవి. కారపునూనె కారినచో పెట్టె, జాడీ రెండును చెడును.

విద్యుత్తుతో నడచు పనిముట్ల సంగతి వేరు. మన దేశమున 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. ఒమానులో వోల్టులు ఇంచుమించు అంతియే, ఆవృత్తులు అవియే. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చును గాని ఆవృత్తులను మార్చదు. ఇండక్షను మోటారుగల యంత్రము అక్కడ అయిదవ వంతు హెచ్చు వేగముగా తిరుగును. అట్టివానిని ఇక్కడనే అమ్ముకొనుట మేలు. బ్యాటరీ డ్రిల్లులకు మరియొక చిక్కు గలదు. విడి లిథియము బ్యాటరీలను అప్పగింత లగేజిలో పెట్టరాదు, చేతిసంచిలోనే తీసికొనిపోవలెను. వోల్టులను ఆంపియరుగంటలతో గుణించినచో వాటుగంటలు వచ్చును. 18 వోల్టుల, 5 ఆంపియరుగంటల బ్యాటరీ 90 వాటుగంటలు. 100 లోపు గనుక పోనిత్తురు. 100 మొదలు 160 వరకు విమానకంపెనీ అనుమతి కావలెను. ఆపైన ప్రయాణికుడు తీసికొనిపోరాదు.

కాగితములు పెట్టెకంటె ముఖ్యము. ప్రతి పెట్టెకు అంకె వేసి, ఏ పెట్టెలో ఏమున్నదో పట్టీ వ్రాయవలెను. "పనిముట్లు" అని యొక్కమాట చాలదు. "ఉలులు ఆరు, వాడినవి, విలువ యింత" అని విడివిడిగా ఇంగ్లీషులో వ్రాసి, ఒక ప్రతి పెట్టెలోను, ఒకటి చేతిలోను ఉంచుకొనవలెను. వాడినవానిని క్రొత్తవని గాని, క్రొత్తవానిని వాడినవని గాని వ్రాయరాదు. అమెరికాలో స్థిరపడబోవువాడు తన వృత్తికై ఇక్కడ వాడుకొన్న పనిముట్లను, వృత్తిగ్రంథములను సుంకము లేకుండ తెచ్చుకొనవచ్చును. ఇంటిసామాను మాత్రము ఏడాదిపాటు వాడియుండవలెను. ఆస్ట్రేలియావారు సుంకముకంటె మట్టికి భయపడుదురు. పారకు, బూటునకు, తాపీకి అంటిన మన్ను పూర్తిగా కడుగనిచో అక్కడ ఆపి శుభ్రముచేయించి ఆ ఖర్చు మననుండియే వసూలు చేయుదురు. వెల హెచ్చయిన పరికరమును మరల స్వదేశమునకు తెచ్చుకొనదలచినవారు, బయలుదేరునపుడే విమానాశ్రయపు కస్టమ్సు అధికారికి చూపి ఎగుమతి పత్రము పుచ్చుకొన్నచో తిరిగి వచ్చునప్పుడు సుంకపు తగవుండదు.

మన ప్రాంతములో పనిముట్లనగా ఉలులు సుత్తులే కావు. కూచిపూడినుండి నాట్యాచార్యులు మృదంగము, తాళములు, గజ్జెలు తీసికొని సముద్రములు దాటుదురు. మృదంగపు మూతలు జంతుచర్మము; దానిని పట్టీలో దాచక వ్రాయవలెను. నూజివీడు వీణ పనసకొయ్యది గనుక చిక్కు తక్కువ. కాని పాతవీణకు దంతపు పని యున్నచో జాగ్రత్త. దంతపు వ్యాపారముపై అంతర్జాతీయ నిషేధము గలదు. తాతగారిదైనను సరే, అధికారులు ఆపుదురు.

బీమా చేయించునపుడు ఒక్క మాట అడుగవలెను: పెట్టెను ఎవరు సర్దిరి? స్వయముగా సర్దుకొన్న పెట్టెలోని వస్తువు విరిగినచో అనేక కంపెనీలు చెల్లింపవు. బీమా మరియొకందుకు పనికివచ్చును. తుపానులో ఓడను రక్షించుటకై కొందరి సరకును సముద్రమున పారవేసినచో, ఆ నష్టమును మిగిలిన సరకుదారులందరును పంచుకొనవలెనని పురాతన న్యాయము. పౌలు ఎక్కిన ఓడలో సరకును, సామగ్రిని పారవేసిన కథ మన పిల్లలకు తెలిసినదే. ఆ న్యాయము నేటికిని జీవించియున్నది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అను మహానౌక సూయజు కాలువకు అడ్డముగా చిక్కుకొని ఆరు దినములకు విడివడినది; అయినను జులై 7 వరకు దానిని ఈజిప్టువారు కదలనీయలేదు. దాని యజమానులు పై న్యాయమును ప్రకటించుటచే, ఓడలో పెట్టెయున్న ప్రతివాడును ఖర్చులో వంతు చెల్లింతునని హామీ యిచ్చినగాని సరకు విడువబడలేదు. బీమా యున్నవారికి కంపెనీ హామీపడును. లేనివారు తమ చేతినుండి కట్టుకొనవలసినదే.

మా విద్యార్థి పెట్టెకు తుదకేమైనది? అతడు ఫోనులో చెప్పిన ఉపాయము నాకు తట్టలేదు. చిత్రికలో విలువైనది ఇనుపపలుగే. చట్టము కొయ్య, దానిని వడ్రంగి ఎక్కడనైనను చేసికొనగలడు. ఉలికి పిడి అట్టిదే. మేము పలుగులను, ఉలులను, బాడిస ఇనుమును, రంపపు రేకులను ఊడదీసి, త్రుప్పు తోమి, నూనె పూసి చుట్టితిమి. అన్నియు కలిసి 7 కిలోలు! మస్కటు పోవుచున్న తోటిపనివాడొకడు వానిని ఒక్కొక్కటిగా విప్పి తన కన్నులతో చూచుకొని, తన పట్టీలో వ్రాసికొని, అప్పగింత లగేజిలో పెట్టుకొనెను. ఒరులిచ్చిన కట్టిన మూటను విప్పిచూడక ఎవరును తీసికొనిపోరాదు.

పిడులు, చట్టములు, మామిడిపెట్టె కృష్ణలంకలో అతని తల్లివద్దనే యున్నవి. నెలదినములకు అతనినుండి వార్త వచ్చినది. కార్ఖానాలో మిగిలిన టేకుముక్కతో చట్టము తొలిచినాడట. కాని పలుగు కూర్చొను వాలు తండ్రిదానివలె కుదురలేదట. నేను సంచిలో కోణమానిని వేసికొని కృష్ణలంక పోయితిని. ఆ తల్లి పెట్టె తెరచి పాతచట్టమును చేతికిచ్చినది. కిటికీ వెలుతురులో రెండుమారులు కొలిచి, 45 డిగ్రీలని వ్రాసి పంపితిని.