బీడీ ముట్టని మా అవ్వకు ఊపిరితిత్తులు ఎందుకు పాడయ్యాయి?

బెంగళూరు ట్రాఫిక్‌లో పీల్చే దుమ్ము గురించి ఫోన్‌లో చెప్పినప్పుడల్లా అమ్మది ఒకటే మాట. ‘‘రెండు దినాలు ఊరికి వచ్చేయ్ రా. ఇక్కడ గాలన్నా బాగుంటుంది.’’ నేనూ అదే నమ్మేవాణ్ని. మాది రామసముద్రం. ఇటు పుంగనూరు, అటు మదనపల్లె, ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటక. చుట్టూ గుట్టలు, టమోటా మళ్లు, మల్బరీ తోటలు. ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటీ కనిపించదు.

అలాంటి ఊళ్లో మా అవ్వ ఊపిరాడక చనిపోయింది.

చలికాలం వస్తే చాలు, ఆమెకు దగ్గు మొదలయ్యేది. ‘వయసైపోయింది, ఉబ్బసం’ అనుకున్నాం. ఇంజక్షన్ వేయిస్తే నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ మామూలే. పోనుపోను బావి దగ్గర్నుంచి ఇంటికి నడిచేలోపు మూడుసార్లు కూర్చునేది. చివరికి మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తే, గొట్టంలోకి గట్టిగా ఊదించి పరీక్ష చేశారు. సీఓపీడీ అన్నారు. అప్పటికే బాగా ముదిరింది.

‘‘మా అవ్వ బీడీ కూడా ముట్టలేదు మేడమ్’’ అన్నాను. ఆమె నాకు జవాబు చెప్పకుండా అవ్వను అడిగారు. ‘‘వంట దేని మీద చేస్తావు పెద్దమ్మా?’’

‘‘ఇంక దేని మీద తల్లీ, కట్టెల పొయ్యి మీదే.’’

65,700 గంటలు

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. అవ్వ పన్నెండేళ్లప్పుడు పొయ్యి ముందు కూర్చుంది. డెబ్బై దాటేవరకూ లేవలేదు. రోజుకు మూడు గంటలు అనుకున్నా, 60 ఏళ్లకు 65,700 గంటలు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 పనిదినాల లెక్కన చూస్తే 27 ఏళ్ల ఉద్యోగం. జీతం లేదు, మాస్కు లేదు, సెలవు లేదు.

మా దగ్గర పొయ్యిలోకి ఏది దొరికితే అది పోతుంది. పట్టుపురుగులు ఆకు తినేశాక మిగిలిన మల్బరీ పుల్లలు, కొబ్బరి మట్టలు, టమోటా తీగలకు కట్టి విరిగిపోయిన కర్రలు. వానాకాలం తడి కట్టెలు అంటుకోకపోతే ఒక ప్లాస్టిక్ కవరో, తెగిన చెప్పో. అది ఇంకా విషం.

ఆ పొగలో కంటికి కనిపించేది సగమే. అసలు ప్రమాదం పీఎం 2.5 అనే కణాలతో. ఇవి 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. మన తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. దుమ్మయితే ముక్కులోనే ఆగుతుంది, తుమ్మితే పోతుంది. ఇవి ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిని బయటికి పంపడానికి ఒళ్లు పోరాడుతుంది. ఒక రోజైతే పర్వాలేదు. ఏళ్ల తరబడి రోజూ అదే పోరాటమైతే శ్వాసనాళాలు వాచి ఇరుకైపోతాయి, గాలి గదుల గోడలు తెగిపోతాయి. అలా పోయింది మళ్లీ రాదు. ఇన్‌హేలర్ ఆయాసాన్ని తగ్గిస్తుంది కానీ పోయిన గదుల్ని తిరిగి కట్టలేదు. ఇంకో చిక్కు ఏంటంటే, నష్టం చాలావరకు జరిగిపోయేదాకా ఒళ్లు పెద్దగా ఫిర్యాదు చేయదు.

పల్లె గాలి కథ

ఇది మా ఇంటి కథే అనుకున్నాను. కాదు. 2020లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది మొత్తం మరణాల్లో ఇవి 17.8 శాతం. వీటిలో సుమారు 6.1 లక్షలు ఇంట్లో వంట పొగ లెక్కలోవి. ఒక మంచి కబురు కూడా ఉంది. 1990తో పోలిస్తే వంట పొగ వల్ల వచ్చే మరణాల రేటు 64 శాతం తగ్గింది. కానీ అదే కాలంలో బయటి గాలిలోని కణాల వల్ల వచ్చే మరణాల రేటు రెట్టింపు దాటింది.

హైదరాబాద్ శివార్లలోని 28 ఊళ్లలో పరిశోధకులు పీఎం 2.5 లెక్క తీశారు. ఏడాది సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు తేలింది. మన దేశపు హద్దు 40 కాబట్టి అది పాస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. ఆ లెక్కన ఆరు రెట్లకు పైనే.

2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి చిత్తూరు, కడప, అనంతపురం లాంటి పట్టణాలున్నాయి. అది పట్టణాల కోసం పెట్టిన కార్యక్రమం. మన ఫోన్‌లో ఏక్యూఐ యాప్ ఊరి పేరు కొడితే చూపించే ఆకుపచ్చ రంగు బయటి గాలిదే. అవ్వ వంటిల్లు ఏ యాప్‌లోనూ లేదు.

తలచుకుంటే బాధేసేది ఇంకోటుంది. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. పొడి గాలి ఊపిరితిత్తులకు మంచిదని అక్కడ కట్టిన క్షయ ఆస్పత్రికి 1915 నుంచి ఎక్కడెక్కడి రోగులో వచ్చేవారు. గాలి కోసం జనం వెతుక్కుంటూ వచ్చిన ప్రాంతంలో, నాలుగు గోడల మధ్య మా అవ్వకు ఆ గాలే అందలేదు.

గ్యాసుంది, కానీ...

‘గ్యాసు లేదా?’ అని అడుగుతారు. ఉంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మా ఇంట్లో ఆ సిలిండర్ చుట్టాలొస్తే టీ పెట్టడానికి.

అవ్వ పోయాక కూడా అమ్మ కట్టెల పొయ్యి వదల్లేదు. కోప్పడ్డాను. ‘‘సంగటి కెలకాలంటే సట్టి కదలకుండా నిలబడాల రా. గ్యాసు పొయ్యి మీద నిలబడుతుందా? ఇంతమందికి ఉడుకునీళ్లు కాచాల్నంటే సిలిండర్ ఎన్నాళ్లొస్తుంది?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు తెలియక కాదు, ఆమె పనికి ఆ పొయ్యి సరిపోవడం లేదంతే.

అప్పుడు బెంగళూరు నుంచి చిన్న గాలి మీటరు తీసుకెళ్లాను. పొద్దున సంగటి వేళ వంటింట్లో పెట్టాను. అంకెలు చకచకా పెరిగి 999 దగ్గర ఆగిపోయాయి. అంటే గాలిలో 999 ఉందని కాదు. ఆ మీటరు అంతకుమించి కొలవలేదని. అమ్మ దాన్ని చూసి ‘‘మీ అవ్వ కూడా ఇదే పీల్చిందా?’’ అంది. ఇంకేం మాట్లాడలేదు.

ఆ తర్వాత గొడవ మానేసి పని మొదలుపెట్టాం. మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించాను. ఉడుకునీళ్ల కట్టెలు అక్కడే ఆగిపోయాయి. అన్నం, కూర, పాలు గ్యాసు మీదకు మారాయి. సంగటి పొయ్యిని వంటింట్లోంచి తీసి పెరట్లో, గోడల్లేని రేకుల కింద వేశాం. ఎండిన కట్టెలు వాన తగలకుండా విడిగా పెట్టాం. ప్లాస్టిక్ బంద్.

ఇప్పుడు వంటింట్లో మీటరు రెండంకెల్లో ఉంటుంది. పెరటి పొయ్యి పక్కన మాత్రం ఇంకా వందలు దాటుతుంది. అమ్మ గాలివాటం చూసి కూర్చుంటోంది. పూర్తి విజయం అని చెప్పలేను.

పోయిన సంక్రాంతికి అమ్మను కూడా ఆ ఊదే పరీక్షకు తీసుకెళ్లాను. దాని పేరు స్పైరోమెట్రీ. సూది లేదు, నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. ఊపిరి కొద్దిగా తగ్గింది, ఇక్కడితో పొగ ఆపగలిగితే మంచిదన్నారు. అవ్వకు పదేళ్ల ముందు ఎవరైనా ఈ పరీక్ష చేయించి ఉంటే? ఆ ‘ఎవరైనా’ నేనే కావాల్సింది. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, కానీ చేతిలో ఫోన్ ఉంది, అడగడానికి నోరుంది.

మీరు ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మో, అవ్వో వంట చేసేటప్పుడు పది నిమిషాలు పొయ్యి పక్కనే కూర్చోండి. మీ కళ్లు మండితే, వాళ్లు రోజూ కూర్చునేది అక్కడే అని గుర్తుపెట్టుకోండి. వారాల తరబడి దగ్గున్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా ‘వయసు’ అని వదిలేయకండి. ఒక్కసారి ఊదించండి.