మేడ మీద మిగిలిన ఊచలు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ దాటాక మెట్రో కిటికీలోంచి చూడండి. ఎల్బీనగర్ దాకా డాబాల మీద, నీళ్ల ట్యాంకుల పక్కన, పిల్లర్ ఊచలు గుత్తులుగా నిలబడి ఉంటాయి. కొన్నింటికి దండేలు కూడా కట్టేశారు. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చాకో, కింద హాస్టల్ బాగా నడిస్తేనో పైన ఇంకో అంతస్తు లేపుదామని వదిలినవి.

ఆ రోజు రానే వస్తుంది. ఇంటాయన ముందుగా అడిగేది 'ఏ కంపెనీ స్టీలు?' అని. అడగాల్సింది 'అతుకు ఎంత పొడవు ఇస్తున్నావు మేస్త్రీ?' అని.

పాత ఊచ పక్కన కొత్తది నిలబెట్టి బైండింగ్ వైరు చుడతారు. ఆ వైరు పని కాంక్రీటు పోసేదాకా ఊచను కదలనివ్వకపోవడమే. ఒక ఊచ బలం రెండోదానికి చేరేది వాటిని పట్టుకున్న కాంక్రీటు గుండానే. పట్టు చాలకపోతే ఊచ తెగదు, జారుతుంది.

సిమెంటు ఇనుముకు అంటుకుంటుంది నిజమే కానీ, ఊచ వెంట్రుకవాసి జరిగితే చాలు, ఆ అంటు విడిపోతుంది. ఇక మిగిలేవి రాపిడి, ఊచ మీది గట్లు. ముఖ్యంగా గట్లే. ఒక్కో గట్టు తన ముందున్న కాంక్రీటును ఏటవాలుగా బయటికి నెడుతుంది. మేకు దిగిన కర్రలా కాంక్రీటు ఊచ వెంబడి చీలాలని చూస్తుంది. జపాన్ ఇంజనీరు గోటో కాంక్రీటులోకి సిరా ఎక్కించి, కోసి చూసి, గట్ల దగ్గర మొదలైన పగుళ్లు పైకి కనబడకుండానే లోపల ఏటవాలుగా పాకి ఉన్నాయని 1971లో చూపించాడు. వాటిని పెరగనివ్వకుండా అదిమిపట్టేవి చుట్టూ ఉన్న రింగులు, ఊచ మీద సరిపడా కాంక్రీటు కవర్. అతుకు దగ్గరే రింగులు ఎడం చేసే మేస్త్రీలున్నారు. అంతకంటే చెడ్డ పొదుపు ఇంకోటి లేదు.

పొడవెంత? ఎం20 గ్రేడు కాంక్రీటులో నున్నటి ఊచకు చదరపు మిల్లీమీటరుకు 1.2 న్యూటన్ల పట్టు లెక్కగట్టమంటుంది కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456. గట్లున్న ఊచకు ఇంకో 60 శాతం కలపమంటుంది. ఆ లెక్కన ఎఫ్ఈ 500 గ్రేడు స్టీలు ఊచ లాగుడుకు నిలవాలంటే దాని వ్యాసానికి 57 రెట్లు కావాలి. 16 ఎం.ఎం. ఊచకైతే 912 మిల్లీమీటర్లు, మూడడుగులు. నొక్కుడే తప్ప లాగుడు పడని పిల్లర్‌కు 730 దాకా చాలు. సైటులో వినబడే 'ఫిఫ్టీ డీ', అంటే వ్యాసానికి యాభై రెట్లు, వీటన్నిటికీ బండగుర్తు. మరి డాబా మీద మిగిలింది అడుగున్నరే అయితే?

ఇందులో ఒక తిరకాసుంది. ఇంకా గట్టిదని ఎఫ్ఈ 550 కొంటే పట్టు పెరగదు. ఊచ మోయగల బలం పెరిగింది కాబట్టి దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే అతుకు మీటరు దాకా పోవాలి. ఖరీదైన స్టీలు, పొట్టి అతుకు: మన కాలనీల్లో చాలా ఇళ్ల కథ ఇదే.

తుప్పు గురించి భయం కొంచెం ఎక్కువే. పల్చని ఎర్ర తుప్పు పట్టును చెడగొట్టదు. పొరలుగా రాలే తుప్పును మాత్రం వైరు బ్రష్‌తో గీకి, ఊచ సన్నబడిందేమో కొలవాలి. ముఖ్యంగా స్లాబును ఆనుకుని నీళ్లు నిలిచే చోట. సెంట్రింగ్ రేకులకు పూసే పాత ఇంజనాయిల్ ఊచల మీద పడితే అది తుప్పుకంటే హాని.

పొట్టి ఊచలకు మందు లేకపోలేదు. కాంక్రీటులోకి లోతుగా డ్రిల్ చేసి, ఎపాక్సీ నింపి కొత్త ఊచ దించుతారు. రీబారింగ్ అంటారు. రంధ్రంలో దుమ్మును బ్రష్‌తో రుద్ది, గాలి ఊది తీయకపోతే ఎపాక్సీ పట్టుకునేది కాంక్రీటును కాదు, దుమ్మును. అందుకే కొన్ని ఊచలను జాకీతో లాగి చూపించమనాలి. అవి నిలిచినా, కింది పునాది ఇంకో అంతస్తు మోస్తుందా అన్నది వేరే లెక్క. అది మేస్త్రీ తేల్చేది కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి.